వడగట్టిన నీళ్ళు

ఆల్చిప్పల షెడ్డులో ఆమెను అందరూ పరీక్షమ్మ అంటారు. వారంలో రెండుసార్లు ప్రయోగశాల నుంచి సీసా పట్టుకుని వచ్చి, తొట్టిలో నీళ్ళు తీసుకెళ్ళి, వాటిలో రోగం ఉందో లేదో చూసి చెప్పే మనిషికి అంతకంటే తగిన పేరేముంటుంది? మొదట్లో కాస్త చిన్నతనంగా ఉండేది. తరవాత అదే అలవాటైపోయి, సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేదాకా వచ్చింది.

ఆ రోజు ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. చాకుల చప్పుడు మాత్రం ఆగలేదు. రాతిబల్లకి రెండువైపులా కూర్చుని, ఎడమచేతిలో ఆల్చిప్ప, కుడిచేతిలో పొట్టి చాకు పట్టుకుని, అతుకు దగ్గర మొన దూర్చి ఒక్క మెలిక తిప్పడం, లోపలి కండని గిన్నెలోకి గీరడం, చిప్పని వెనక్కి విసరడం. చూడకుండానే చేస్తారు ఆ పని. చూసే కళ్ళన్నీ ఇప్పుడు పరీక్షమ్మ మీద ఉన్నాయి.

ఆమె ఎవరి వంకా చూడకుండా తొట్టి దగ్గరికి నడిచింది. షెడ్డు పొడుగునా సాగిన సిమెంటు తొట్టి అది. సముద్రంలో తాళ్ళకి పెంచిన ఆల్చిప్పల్ని తెచ్చి ఇందులో పోస్తారు. పంపు ఒకవైపు నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చి పోస్తూ ఉంటుంది, రెండోవైపు గొట్టం తీసేస్తూ ఉంటుంది. ఆ పారే నీళ్ళలో ఉండి ఆల్చిప్పలు కడుపులోని ఇసుకంతా కక్కేస్తాయి. ఆడవాళ్ళు రబ్బరు తొడుగులు వేసుకుని, మోచేతులదాకా చేతులు ముంచి, అడుగంతా తడిమి, చచ్చినవాటిని ఏరి పారేసి, బతికినవాటిని బుట్టలకెత్తుతారు.

పరీక్షమ్మ గట్టు మీద మోకాళ్ళూని కూర్చుంది. మగ్గుతో నీళ్ళు ముంచి, మరిగించి తెచ్చుకున్న సన్నకన్ను జల్లెడని సీసా మూతి మీద పెట్టి పోసింది. జల్లెడలో థర్మాకోల్ రవ్వలు, నీలం తాడు పీచు, ఆవగింజలంత తెల్లటి ప్లాస్టిక్ గుళికలు మిగిలాయి. రేవులో ఎప్పుడూ ఉండే చెత్తే. అలవాటు ప్రకారం జల్లెడని బోర్లించి గట్టుకేసి టకటకా తట్టింది. చెత్త రాలిపోయింది. సీసా ఎత్తి వెలుతురులో చూసుకుంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"సమయానికి వచ్చారు," అన్నాడు మేస్త్రి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ. షెడ్డు మీద అజమాయిషీ అతనిది. మాట్లాడేటప్పుడు కళ్ళజోడు పైకి నెడతాడు, చదివేటప్పుడూ పైకే నెడతాడు. మరి దాన్ని దేనికి పెట్టుకుంటాడో ఇంతవరకూ ఎవరికీ అంతు చిక్కలేదు. "అందరూ వినండి. పరీక్షమ్మగారి ఎదురుగానే చెబుతున్నా, చాటుమాటు యవ్వారం నాకు పడదు. పోయినసారి నీళ్ళు శుభ్రం. అంతకుముందూ శుభ్రం. అవునా, కాదా అమ్మా?"

"శుభ్రమనే వచ్చింది," అంది పరీక్షమ్మ.

"విన్నారుగా! ఆసుపత్రిలో చేరినావిడ చేతికి పట్టిన చీడ మన తొట్టిది కాదు. ఇంటి దగ్గర తెచ్చుకుంది. పుండు చేత్తో వచ్చి మనందరి తొట్టిలో ముంచింది. ఇక ఆవిడకి ఇక్కడ పని లేదు. ఆవిడ పీట, చాకు, ముట్టుకున్నవన్నీ మందునీళ్ళు పోసి కడగండి." పరీక్షమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీ వదినగారని నాకు తెలుసు. నాకు మొహమాటం లేదు. మీకూ ఉండకూడదు."

ఆమె సీసా మూత బిగించింది. ఏదో అనాలి. అనడానికి చేతిలో ఏముంది? నీళ్ళు శుభ్రమని చెప్పింది తనే. బల్ల చివర కూర్చున్న ఆడమనిషి ఒకామె వదిన పీటని చేత్తో తియ్యకుండా కాలితో గోడవారకి నెట్టింది. అందరిలోకీ పెద్దది, షెడ్డంతా పెద్దత్త అని పిలిచే ముసలావిడ, అది చూసి కూడా చూడనట్టు తల వంచుకుని చిప్ప విప్పుకుంటోంది.

సాయంత్రం ఆమె ఆసుపత్రికి వెళ్ళేసరికి వదిన కుడిచేతిని పైకెత్తి ఇనపకడ్డీకి వేలాడగట్టి ఉంచారు. మోచేతి దాకా కట్టు. కట్టు దాటి వాపు, భుజం వైపు ఎర్రటి చార. ఎండ మొహాన పడుతోందని వార్డు ఆయా మంచాన్నే తిప్పేసి వెళ్ళిందట, ఎవరూ అడక్కుండానే. అన్న స్టూలు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ బండి నడిపే మనిషి, చేతులకి పనిలేకపోతే ఏం చెయ్యాలో తెలియక రెండు మోకాళ్ళనీ స్టీరింగులా పట్టుకున్నాడు.

"వచ్చావా ఆడపడుచా? రా. ఇలా చెయ్యెత్తుకుని ఉంటే బళ్ళో జవాబు తెలిసిన పిల్లలా లేనూ?" అంది వదిన. "నాకేం తెలీదు. ఊరికే ఎత్తాను."

"నొప్పెలా ఉంది వదినా?"

"నొప్పి బాగానే ఉంది, నేనే బాలేను. చిటికెనవేలు తీసేస్తారట. డాక్టరు చెప్పడానికి తెగ ఇబ్బంది పడ్డాడు పాపం. పోతేపోనీ బాబూ, చిటికెనవేలు చూపించి బయటికెళ్ళి రానా టీచర్ అని అడిగే వయసు దాటిపోయిందిగా అన్నాను. అప్పుడు నవ్వాడు."

"నువ్వు నవ్వించావు, వాడు నవ్వాడు, ఏడవడానికి నేను దొరికాను," అన్నాడు అన్న.

డాక్టరు చెప్పింది అన్న మళ్ళీ చెప్పాడు. ఇది సముద్రపు నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవి. వేడి కాలంలో ఇంకా పెరుగుతుంది. చర్మం కాస్త గీరుకుపోయినా చాలు, దారి చేసుకుంటుంది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే వేలితో పోయేది కాదట.

"సముద్రానిదని వాళ్ళే చెబుతున్నారుగా," అంది వదిన. "మరి షెడ్డులో ఏమనుకుంటున్నారు?"

పరీక్షమ్మకి అబద్ధం రాదు. చిన్నప్పుడు కూడా వచ్చేది కాదు. మేస్త్రి అన్నదంతా చెప్పింది, పీట సంగతి తప్ప.

వదిన ఎడమచేత్తో దుప్పటి అంచు సరిచేసుకుంది. "నేను మురికిదాన్నా?" అంది. "ఆ షెడ్డు మొత్తంలో రోజూ చాకు సలసలా కాగే నీళ్ళలో వేసి తీసేది నేనొక్కదాన్ని. చాదస్తం అని నవ్వేవాళ్ళు. సరే, నువ్వేమన్నావు?"

"నీళ్ళు శుభ్రమన్నాను. అలాగే వచ్చింది వదినా."

"ఇంకేం మరి. సొంత ఆడపడుచే తీర్పు చెప్పేసింది."

"ఒసేయ్, దాని తప్పేముంది అందులో?" అన్నాడు అన్న.

"తప్పని నేనన్నానా? దానిది ఎప్పుడూ కచ్చితమే." వదిన మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కడ్డీకి కట్టిన చెయ్యి మాత్రం తిరగలేదు, ఇటే చూస్తూ ఉండిపోయింది.

వెళ్ళేటప్పుడు ఆయా ఒక సంచీ తెచ్చిచ్చింది. వదిన చేరిన రోజు ఒంటిమీదున్న బట్టలు, రబ్బరు తొడుగులు. కంపు కొడుతున్నాయని మూలకి విసరకుండా మడిచి, తొడుగులు విడిగా చిన్న కవరులో ముడివేసి పెట్టింది. "ఇంట్లోవాళ్ళు అడుగుతారు కదమ్మా, ఎవరి గుడ్డలు వాళ్ళకి ముద్దు," అంది.

పరీక్షమ్మ ఇంటికొచ్చి బట్టలు నానబెట్టింది. తొడుగులు సింకు దగ్గరికి తీసుకెళ్ళింది. మణికట్టు దగ్గర పట్టుకుని, లోపలికి గాలి ఊది, ఒక్కో వేలినీ బయటికి తిరగేసింది. కుడి తొడుగు చిటికెనవేలు తిరగబడేసరికి కొసలో ఇరుక్కున్న తెల్ల గుళికలు నాలుగైదు అరచేతిలో పడ్డాయి. నీలం పీచు ఉండ ఒకటి. తొట్టిలో చెయ్యి ముంచినప్పుడల్లా నీళ్ళతోపాటు లోపలికి చేరి, సాయంత్రందాకా చర్మాన్ని గీరుతూ ఉండి ఉంటాయి.

కుళాయి తిప్పి వాటి మీద నీళ్ళు వదిలింది. జిగురు పోలేదు. బొటనవేలితో రుద్దింది. జారుతోంది తప్ప పోవడం లేదు.

ఆమె వేలు ఆగిపోయింది. ఆ జారుడు ఆమెకి కొత్తది కాదు. కడగకుండా వదిలేసిన సీసాల లోపల, పాత గొట్టాల అతుకుల దగ్గర కొన్ని వందలసార్లు తగిలిందే. నీళ్ళలో ఒంటరిగా కొట్టుకుపోయే సూక్ష్మజీవికి ఎక్కడైనా కాస్త పట్టు దొరికితే చాలు, జిగురు కక్కుకుని దాని మీద కాపురం పెడుతుంది. చుట్టాలొస్తారు, పక్కాలొస్తారు. ఆ జిగురు గూడులో ఉప్పూ ఎండా వాటిని అంత తొందరగా ఏమీ చెయ్యలేవు. ఆకో పుల్లో అయితే కొన్నాళ్ళకి కుళ్ళి మునుగుతుంది. ప్లాస్టిక్ కుళ్ళదు. కాపురాన్ని మోసుకుని కెరటం ఎటు తోస్తే అటు పోతుంది, పంపు పీలిస్తే తొట్టిలోకి వస్తుంది.

ఇదంతా ఆమె చదువుకున్నదే. చదువుకున్నది చదువులోనే ఉంది, పని పనిలో ఉంది. ఆ రెండూ ఇప్పుడు సింకు దగ్గర ఎదురుపడ్డాయి. తను పరీక్షించింది వడగట్టిన నీళ్ళని. రోగం కూర్చున్న గుళికల్ని మాత్రం ప్రతిసారీ జల్లెడలో పట్టి, గట్టుకేసి తట్టి, తన చేతులతోనే మళ్ళీ ఆ తొట్టి పక్కన పోసి వచ్చింది.

కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయింది.

ప్రయోగశాలలో పెద్దసారు చేతి కింద ఆమె పని నేర్చుకుంది. సన్న గొట్టంలోకి చుక్క పీల్చడం, పీల్చినదాన్ని వణక్కుండా వదలడం, అన్నీ ఆయనే నేర్పాడు. ఇప్పటికీ ఆమె పనిలో ఉంటే టీ తెచ్చి, చల్లారకుండా పైన సాసరు బోర్లించి పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతాడు. అలాంటి మనిషి ఎదురుగా ఆమె మర్నాడు ఒక పళ్ళెం పెట్టింది. గుళికల్ని రాత్రే తెచ్చి ఉప్పునీళ్ళలో వేసి గట్టిగా కుదిపి, ఆ నీళ్ళు సూక్ష్మజీవులు మొలిచే ఆకుపచ్చ జెల్లీ మీద పూసి, ఇంక్యుబేటర్లో ఉంచిన పళ్ళెం. ఆకుపచ్చ అసలు కనబడటం లేదు. పసుప్పచ్చ మచ్చలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటి మధ్య ముదురు రంగు చుక్కలు. ఆసుపత్రివాళ్ళు వదిన పుండులో చూశామన్న జాతి అలాగే ఉంటుంది.

పెద్దసారు పళ్ళేన్ని ముట్టుకోకుండా వంగి చూశాడు.

"తొడుగులో మొలిచింది లెక్కలోకి రాదమ్మా. ఆసుపత్రి సంచీ, నీ ఇంటి సింకు, ఎక్కడెక్కడో తిరిగింది."

"రాదు సార్, ఒప్పుకుంటాను. అందుకే తొట్టి నీళ్ళు ఒక్కసారి వడగట్టకుండా చూద్దాం."

"వడగట్టకపోతే చెత్త అడ్డుపడి, సూక్ష్మజీవుల్ని పట్టే పల్చటి వడపోత పొర చిరుగుతుంది. ఎన్ని పొరలు పాడుచేసుకుని ఆ జల్లెడ కనిపెట్టానో నీకు తెలీదు. మా ఇంట్లో టీ వడగట్టుకునేది తెచ్చి పెట్టాను మొదట. పైనుంచి వచ్చినవాళ్ళు చూసి భుజం తట్టారు. ఆ రోజు నుంచీ ఒక్క పొర చిరగలేదు."

"కొంచెం కొంచెంగా పోస్తాను సార్. చిరగనివ్వను."

"అంటే ఇన్నాళ్ళూ మనం చెప్పిందంతా తప్పంటావు."

ఆమె పళ్ళేన్ని ఆయన వైపు జరిపింది. "నీళ్ళు మనకి అబద్ధం చెప్పలేదు సార్. రోగం పడవెక్కి వస్తుంటే మనం పడవల్ని గుమ్మం దగ్గరే ఆపేసి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పాం."

ఆయన మొహం ముడుచుకుపోయింది. కోపం కాదు. కోపమైతే ఆమె తట్టుకునేది.

"ఎల్లుండి ఎప్పటిలాగే తీసుకురా," అన్నాడు. "జల్లెడతో. ఇది నా మాట."

సాయంత్రానికి వదిన వేలు తీసేశారు. మత్తు దిగి, పెదవులు ఎండి, కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పరీక్షమ్మ తడిగుడ్డ పెదవులకి అద్దుతూ సంగతంతా చెప్పింది. జల్లెడ, జిగురు, పళ్ళెం, పెద్దసారు మాట. ఏదీ దాచలేదు. "నేనే వదినా," అంది. "నేనే చేతులారా పారబోసి, శుభ్రమని చెప్పాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వదిన కళ్ళు తెరిచింది. "ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడవకు. ఏడ్చే వంతు నాది, నేనే ఇంకా మొదలెట్టలేదు." ఊపిరి తీసుకుంది. "నేను ఆ షెడ్డులో నీ వదినలా బతకలేదే. చాకులా బతికాను. ఆ మేస్త్రిగాడు నోరెత్తితే ఇరవై మంది తల వంచేవాళ్ళు, నేను ఎత్తేదాన్ని. ఇప్పుడు నన్ను మురికిదాన్ని చేస్తే ఇక ఎవరూ ఎత్తరు. అదీ వాడి లెక్క. వేలు పోయింది, పోనీ. పేరు పోనివ్వను. ఎల్లుండి నువ్వేం చేస్తావు?"

"పెద్దసారు వద్దన్నారు."

"ఆయనేమన్నారో చెప్పావు. నువ్వేం చేస్తావని అడిగా."

అన్న మధ్యలో కలగజేసుకున్నాడు. "అదేదో తేలి తొట్టి మూసేస్తే, పని పోయిందని ఆ ఆడవాళ్ళే దీన్ని తిడతారు. ఆలోచించుకోండి ఇద్దరూ."

"తిట్టనీ," అంది వదిన. "తిట్టడానికైనా చేతులు మిగలాలిగా వాళ్ళకి. తిట్టేటప్పుడు తిప్పుకోవాలి కదా."

పరీక్షమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. పక్క మంచం ముసలామె కూడా, నిద్రపోతోందనుకున్నది, దుప్పటి కింద కిసుక్కుమంది.

ఎల్లుండి వచ్చింది. పరీక్షమ్మ రెండు సీసాలు తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. గట్టు మీద మోకాళ్ళూనింది. ఒకే మగ్గులో నీళ్ళు ముంచి, బాగా కలియదిప్పి, మొదటి సీసా మీద జల్లెడ పెట్టి పోసింది. జల్లెడ తీసి పక్కన పెట్టింది. మిగిలిన నీళ్ళు, రవ్వలూ గుళికలూ పీచూ అన్నిటితో సహా, రెండో సీసాలోకి వంచబోయింది.

"అదేంటమ్మా?" మేస్త్రి గబగబా వచ్చాడు. "చెత్తతో సహా పోస్తున్నారేంటి?"

"మీ తొట్టిలో ఉన్నదే పోస్తున్నాను."

"ఎప్పుడూ వడగడతారుగా!"

"ఎప్పుడూ వడగట్టాను. వీళ్ళు చేతులు పెట్టే నీళ్ళు ఎవరు వడగట్టి ఇస్తున్నారు మేస్త్రిగారూ?"

చాకుల చప్పుడు ఆగిపోయింది. ఆ షెడ్డులో పని వేళ ఆ చప్పుడు ఆగడం ఆమె ఎప్పుడూ వినలేదు. పంపు గురగుర ఒక్కటే మిగిలింది.

మేస్త్రి ఫోను తీశాడు. అందరూ వినాలని పెద్దగా పెట్టాడు. అవతల పెద్దసారు గొంతు. జరిగిందంతా విన్నాడు. తరవాత మెల్లగా, "వడగట్టమ్మా," అన్నాడు. "చెప్పాను కదా."

"మీరు చెప్పినట్టు వడగట్టింది ఒకటి తీశాను సార్," అంది ఆమె. "వడగట్టనిది ఇంకొకటి తీస్తున్నాను. ఒకే మగ్గులో నీళ్ళు. రెండూ మీ బల్ల మీద పెడతాను. పని తప్పు చేశానంటే నన్ను పంపించెయ్యండి. చూడకుండా మాత్రం పారబొయ్యను."

ఆమె వంచింది. గుళికలు సీసా గోడకి తగులుతూ దిగాయి. మూత బిగించి లేచేసరికి మోకాళ్ళ దగ్గర చీర తడిసి బరువెక్కింది. గుమ్మం వైపు నడిచింది. పెద్దత్త తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీసింది పెద్దసారు. ఆమె వచ్చేసరికే ఆయన రెండు పళ్ళేలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమవైపుది ఆకుపచ్చగా, నున్నగా, ఖాళీగా ఉంది. కుడివైపుది పసుప్పచ్చగా పొంగిపోయింది. ముదురు చుక్కలు ఇందులోనూ ఉన్నాయి. పక్కన ఆయన టీ మీగడ కట్టి ఉంది.

"పొర చిరగలేదు," అన్నాడాయన.

"నెమ్మదిగా పోశాను సార్."

"ఊఁ." ఎడమ పళ్ళేన్నే చూస్తున్నాడు, కుడిదాన్ని కాదు. "ఎంత శుభ్రంగా ఉందో చూడు. ఇది చూసే కదా నేను..." ఆపేశాడు. అద్దాలు తుడుచుకున్నాడు. "రెండు ఫలితాలూ కలిపి పైకి పంపించు. ఒకటి పంపి ఒకటి ఆపొద్దు. తొట్టి ఖాళీ చెయ్యాలని నేను చెప్పానని చెప్పు. మిగతా షెడ్లకి కూడా రేపటినుంచి రెండేసి సీసాలు పట్టుకెళ్దాం." లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మీ వదినకి ఎడమ చెయ్యి బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది సార్."

"మంచిది," అని వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆమె బల్ల మీద టీ ఉంది, పైన సాసరు బోర్లించి.

షెడ్డు దారిలో పరీక్షమ్మ ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ నడిచింది. తొట్టి ఆగితే పని ఆగుతుంది. ఎన్నాళ్ళో తెలియదు. పంపు మూతికి కొత్త వల కట్టాలి, తొట్టి గీకి కడగాలి, మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఇదంతా విని వాళ్ళు నోటికొచ్చినట్టు తిడితే తల వంచుకుని పడాలి. పడుతుంది. ఒకరిద్దరైనా అర్థం చేసుకుంటే చాలు. ముందు పెద్దత్తకి చెప్పాలి, ఆవిడ వింటే మిగతావాళ్ళు వింటారు.

మలుపు తిరిగేసరికి ఆడవాళ్ళందరూ షెడ్డు బయటే ఉన్నారు. గోడవార నీడలో వరసగా పీటలేసుకుని కూర్చున్నారు. చాకులు కొంగుల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. లోపల ఖాళీ షెడ్డులో మేస్త్రి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"చూడండమ్మా వీళ్ళ వరస!" ఆమెని చూడగానే బయటికొచ్చాడు. "నిన్న మీరెళ్ళిన దగ్గర్నుంచీ ఒక్కరు తొట్టిలో చెయ్యి పెడితే ఒట్టు. ఫలితం ఇంకా రాలేదు కదా, రానివ్వండి అంటే వినరే!"

"ఫలితం మీకు కావాలి," అంది పెద్దత్త పీట మీంచి లేవకుండానే. "మాకెందుకు? మా చేతులు మాకున్నాయి. నిన్న ఆ సీసాలోకి దిగినవి చూశాక, రాత్రి మా ఇంట్లో తొడుగులు తిరగేసి చూసుకున్నాం అందరం. ఇదిగో." చీర కొంగు ముడి విప్పింది. తెల్ల గుళికలు. పక్కామె కూడా విప్పింది. ఆ పక్కామె కూడా.

పరీక్షమ్మ దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. ఇంత మంచి నష్టం ఆమెకి ఎప్పుడూ జరగలేదు. ఫలితం చెప్పింది. పెద్దసారు మాట చెప్పింది. మేస్త్రి కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుని మొదటిసారి దాంట్లోంచి చూశాడు.

అంతలో అన్న బండి వచ్చి ఆగింది. వదిన దిగింది. మెళ్ళో కట్టుకున్న గుడ్డలో కుడిచెయ్యి ఉంది. మనిషి సగమైపోయింది. జుట్టు ముడి వీడి మెడ మీద జారిపోయి ఉంది. ఒంటిచేత్తో ఎలా కడుతుంది పాపం.

"ఇంటికి తీసుకెళ్తానంటే వింటేనా?" అన్నాడు అన్న, ఎవరికి చెప్పుకోవాలో తెలియక అందరికీ. "డిశ్చార్జి కాగితం చేతికిచ్చారో లేదో, షెడ్డుకి పోనియ్ అంటుంది."

వదిన తిన్నగా మేస్త్రి ముందుకొచ్చి నిలబడింది.

"ఆ రోజు వీళ్ళందరి ఎదురుగా ఏమన్నారట?"

"అయిందేదో అయింది. నువ్వు కూర్చో ముందు. తేలిక పని చూసి ఇస్తాలే, బుట్టలు చూసుకుందువు..."

"పని సంగతి తరవాత. నేను పనడగడానికి రాలేదు. చీడ ఎక్కడిదన్నారు?"

మేస్త్రి గోడ వైపు చూశాడు. గోడ పొడుగునా ఆడవాళ్ళే ఉన్నారు. ఇంక చూడటానికి చోటు లేదు.

"తొట్టిదే," అన్నాడు గొణుగుతూ.

"వినబళ్ళేదు. అప్పుడు ఏ గొంతుతో అన్నారో ఆ గొంతుతో అనండి."

"తొట్టిదే! ఆవిడది కాదు! చాలా?"

"చాలదు," అంది వదిన. "కానీ ఇవాళ్టికి నిలబడలేకపోతున్నా."

నిజంగానే తూలింది. పరీక్షమ్మ పట్టుకునేలోపే రెండు చేతులొచ్చి పట్టుకున్నాయి. ఆ రోజు పీటని కాలితో నెట్టినామెవి. ఆమె తన పీట మీద వదినని కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుంది. ఏమీ అనలేదు. వదిన కూడా అడగలేదు.

పెద్దత్త లేచి వచ్చింది. వదిన వెనక నిలబడి, జారిపోయిన ముడి పూర్తిగా విప్పింది. ఆసుపత్రి పక్క మీద నలిగి, చిక్కులు పడి, మందు వాసన కొడుతున్న జుట్టు. ఆవిడ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని వేళ్ళతోనే చిక్కు తియ్యడం మొదలెట్టింది. ఇంకొకామె దువ్వెన తీసిచ్చింది. ఒకామె తన జడకున్న రబ్బరు బ్యాండు లాగి ఇచ్చింది. ఒకామె వదిన మెడ మీది చెమట కొంగుతో తుడిచింది. ఎవరు ముట్టుకున్నవన్నీ మందునీళ్ళతో కడగమన్నారో ఆ మనిషి చుట్టూ ఎన్ని చేతులున్నాయో పరీక్షమ్మ లెక్కపెట్టలేదు. అక్కడే నేల మీద కూలబడి చూస్తూ ఉండిపోయింది.

"నెమ్మదిగా అత్తా, అది నెత్తి, ఆల్చిప్ప కాదు," అంది వదిన. అని, ఇన్ని రోజుల తరవాత, అప్పుడు ఏడ్చింది.

మేస్త్రి తొట్టి వైపు చూశాడు. "మరి తొట్టి ఖాళీ చెయ్యాలన్నారుగా," అన్నాడు. "గీకాలి, కడగాలి. ఇద్దరు ముగ్గురైనా లేచి రండి."

పెద్దత్త జుట్టుని మూడు పాయలు చేసింది. తల ఎత్తలేదు.

"తొట్టి అడుగు గొట్టం మూత మీరే తీసుకోండి. తొడుగులు తిరగేసుకుని మరీ దిగండి," అంది. "మేం జడ అయ్యాక వస్తాం."